భోగాపురం ప్లాటా, టౌన్‌లో ఫ్లాటా? విజయనగరం నుంచి అడిగినవారికి నా సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీలాంటి పరిస్థితిలో మన జిల్లాలో చాలామంది ఉన్నారు కాబట్టి, మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు మీ సంగతి క్లుప్తంగా రాస్తాను.

మీకు నెలకు చేతికొచ్చే జీతం 85 వేలు. విజయనగరంలో 180 గజాల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు ఉంది. దాని మీద హోం లోను ఇంకా 6 లక్షలు మిగిలింది, నెలకు 14 వేలు కడుతున్నారు. చేతిలో 14 లక్షలు ఉన్నాయి. మీ మామయ్యగారు భోగాపురంలో, కొత్త విమానాశ్రయం వైపు, ఒక లేఅవుట్‌లో 200 గజాల ప్లాటు, గజం 15 వేల చొప్పున 30 లక్షలకు మాట్లాడిపెట్టారు. రిజిస్ట్రేషన్ మాత్రం ప్రభుత్వ విలువ ప్రకారం 12 లక్షలకే చేస్తామన్నారు. బ్యాంకు 8 లక్షలు ప్లాట్ లోను ఇస్తానంది. మిగతా 9 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నారు. మీ ఆవిడేమో టౌన్‌లోనే 42 లక్షల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొని అద్దెకిద్దామంటున్నారు. అద్దె 11 వేలు వస్తుందట. రెండింట్లో ఏది కొనాలి, లోను ఎలా తీసుకోవాలి, ఇప్పటికే ఇచ్చిన లక్ష బయానా సంగతేమిటి అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏడేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బ్రాంచీల్లో లోన్ల పనే చూశాను. నా స్పష్టమైన అభిప్రాయం, రెండూ వద్దు. మూడో దారి మీ ఇంటి డాబా మీదే ఉంది. అది ఎందుకో చెప్పే ముందు మిగతా రెండింటి లెక్కలు చూద్దాం.

ముందు ప్లాటు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 9 లక్షల మీద నెలకు 18 వేలు. ఇది ఒట్టి వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు 8 లక్షలకు 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 10,572 రూపాయలు. పాత ఇంటి ఈఎంఐ 14 వేలు కూడా కలిపితే నెలకు 42,572. అంటే జీతంలో సరిగ్గా సగం, ఇంట్లో పొయ్యి వెలిగించక ముందే పోతుంది. దానికి బదులుగా ప్లాటు మీకు నెలకు ఇచ్చేది సున్నా.

ఐదేళ్లు ఇలాగే లాక్కొచ్చారనుకోండి. నోటు మీద 10 లక్షల 80 వేల వడ్డీ, బ్యాంకుకు సుమారు 3 లక్షల 30 వేల వడ్డీ కట్టి ఉంటారు. మీ 14 లక్షలు బ్యాంకులో ఆరున్నర శాతానికి డిపాజిట్ చేసినా వచ్చే నాలుగున్నర లక్షలు వదులుకుని ఉంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం చొప్పున 90 వేలు. ఇవన్నీ 30 లక్షలకు కలిపితే 49 లక్షల 50 వేలు దాటుతుంది. ఐదేళ్ల తర్వాత గజం దాదాపు 25 వేలు పలికితే మీరు లాభమూ నష్టమూ లేకుండా బయటపడతారు. అప్పటికీ నోటు మీద 9 లక్షల అసలు అలాగే ఉంటుంది. గజం 25 వేలు అవదని నేననను. అవ్వచ్చు. అయితే అది మీ లాభం అనుకుంటున్నారు. అది మీ ఖర్చు తిరిగి రావడం మాత్రమే.

డాక్యుమెంటులో 12 లక్షలే రాయడం గురించి మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అన్నింటికంటే ఎక్కువ భయం వేసింది అక్కడే. రిజిస్ట్రేషన్ ఖర్చు లక్షా ముప్పై వేల పైన మిగులుతుందని మీకు చెప్పి ఉంటారు. బ్యాంకు మాత్రం డాక్యుమెంటు విలువ, తన వాల్యుయర్ ఇచ్చిన విలువ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదే లోను లెక్కిస్తుంది. 30 లక్షల ఆస్తికి 8 లక్షలే ఇస్తానన్నది అందుకే. మీరు నోటు వడ్డీకి వెళ్లాల్సి రావడానికి కారణం కూడా ఆ 12 లక్షల అంకే. ఇక మిగతా 18 లక్షలు నగదుగా చేతులు మారాలి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. రేపు మీరు అమ్మేరోజున కొన్నవారు బ్యాంకు లోనుతో వచ్చి పూర్తి ధరకు డాక్యుమెంటు రాయమంటే, కాగితం మీద మీ కొనుగోలు ధర 12 లక్షలే. 50 లక్షలకు అమ్మితే 38 లక్షలు లాభం కింద కనిపిస్తుంది. రెండేళ్లు దాటాక అమ్మిన భూమికి 2024 జులై 23 నుంచి పన్ను 12.5 శాతం. అంటే నాలుగు లక్షల 75 వేలు. ఈరోజు మిగిలిందనుకున్న లక్షా ముప్పై వేలు ఆరోజు అలా తిరిగి వెళ్తుంది.

నా సొంత అనుభవం కూడా చెప్తాను. 2015లో విమానాశ్రయం మాట గట్టిగా వినిపించినప్పుడు నేనూ ఆ వైపు 150 గజాలు కొన్నాను. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి కొంత, నోటు రాసి 3 లక్షలు తెచ్చాను. రెండేళ్లలో అమ్మేద్దామనుకున్నాను. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే గడువు కాబట్టి 2018లో తిరగరాయాల్సి వచ్చింది. అప్పటికి కట్టలేకపోయిన వడ్డీ అసలులో కలిసిపోయింది. అదే ఏడాది మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు. కొన్న ధరకు కొంచెం పైన వస్తే చాలని అమ్మేశాను. విమానాశ్రయానికి మొదటి శంకుస్థాపన 2019 ఫిబ్రవరిలో జరిగింది. మళ్లీ ఇంకో ప్రభుత్వం 2023 మేలో రెండోసారి శంకుస్థాపన చేసింది, పనులు ఊపందుకున్నది ఆ తర్వాతే. భూమి గురించి నా అంచనా తప్పలేదు. ఎన్నాళ్లు పడుతుందన్నది నా చేతిలో లేదు, నా నోటు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీకున వడ్డీ అడిగేది. ఎన్నికలు, కోర్టు కేసులు, రోడ్డు ఎటు మళ్లుతుందన్న వార్త, వీటిలో ఏది మారినా ఆ వైపు ధర నిలబడిపోతుంది. మీ ఈఎంఐ నిలబడదు.

మీ మామయ్యగారి తరం భూమి మీద సంపాదించిన మాట నిజమే. ఆ మాట ఆయనకు గౌరవంగానే చెప్పండి. వాళ్లలో ఎక్కువమంది పంట డబ్బుతోనో, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతోనో కొన్నారు. పదిహేనేళ్లు ధర కదలకపోయినా వాళ్ల నిద్ర చెడలేదు. అదే భూమిని రెండు రూపాయల వడ్డీతో కొని ఉంటే ఎన్నాళ్లు ఉంచుకోగలిగేవారో ఆయన్నే అడగండి. ఆయనకు ఆ లెక్క మనకంటే బాగా తెలుసు.

ఇక ఫ్లాటు. ఇది ప్లాటు కంటే నయం, ఎందుకంటే నెలకు ఎంతో కొంత వస్తుంది, కాగితాలు శుభ్రంగా ఉంటాయి, లోను సులభం. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 30 లక్షల దాకా హోం లోనుకు ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఇందులోకి రావు, అది మీ జేబులోంచే. 42 లక్షలకు ఏడున్నర శాతమంటే 3 లక్షల 15 వేలు. 30 లక్షలు లోను తీసుకుంటే మీరు వేయాల్సింది 12 లక్షలు, దానికి ఇది తోడు. అంటే మీ 14 లక్షలు పూర్తిగా పోయి ఇంకా లక్ష పైన తక్కువ పడుతుంది. ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్ల ఈఎంఐ 26 వేలు. అద్దె 11 వేలు. ప్రతి నెలా 15 వేలు మీరే పూడ్చాలి, మెయింటెనెన్స్ వేరు. 42 లక్షల మీద ఏడాదికి లక్షా 32 వేల అద్దె అంటే 3 శాతం చిల్లర. ఎనిమిదిన్నర శాతానికి అప్పు తెచ్చి 3 శాతం సంపాదించే వస్తువు కొంటున్నట్టు. ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే దీన్ని నిలబెట్టాలి. అయితే మన ఊళ్లో పాత ఫ్లాటు ధర, ఖాళీ స్థలం ధర పెరిగినంత వేగంగా పెరగడం నేను చూడలేదు.

పైగా వడ్డీ ఒకచోట ఉండదు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ హోం లోన్లు ఎక్కువగా రెపో రేటుతో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుతో, ముడిపడి ఉన్నాయి. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నర శాతానికి వెళ్లింది. 7 శాతానికి ఇరవై ఏళ్లకు 30 లక్షలు తీసుకున్నవారి ఈఎంఐ సుమారు 23,260. వడ్డీ తొమ్మిదిన్నరకు చేరాక అసలు 29 లక్షల 30 వేలు మిగిలి ఉంటే, నెల వడ్డీయే దాదాపు 23,200. ఈఎంఐ పెంచకుండా కాలం పెంచుకుంటూ పోయినవారికి అసలులో నెలకు వంద రూపాయలు కూడా తగ్గలేదు. ఐదేళ్లు కట్టినా తీసుకున్నంత బాకీ అలాగే కనిపిస్తోందని కంగారుగా వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఇప్పుడు ఆర్‌బీఐ నియమం ప్రకారం వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా, కొంత అసలు కట్టేస్తారా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలి. అడగకపోతే మీరే వెళ్లి అడగండి. ఏ లోనైనా తీసుకునే ముందు, ఇవాళ్టి వడ్డీకి ఇంకో రెండు శాతం కలిపి ఈఎంఐ లెక్కేసి చూడండి. అది కూడా కట్టగలిగితేనే సంతకం పెట్టండి.

ఇప్పుడు డాబా సంగతి. మీ 180 గజాల స్థలానికి డబ్బు ఎప్పుడో కట్టేశారు. దాని మీద పై అంతస్తు వేస్తే స్థలం ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. మేస్త్రి రెండు పోర్షన్లకు 18 లక్షలు అవుతుందన్నాడని, ఒక్కో దానికి 8 వేలు అద్దె వస్తుందని మీరే చివర్లో రాశారు, కానీ దాన్ని పెట్టుబడిగా చూడలేదు. నెలకు 16 వేలు, ఏడాదికి లక్షా 92 వేలు. 18 లక్షల మీద పది శాతం పైనే. ఫ్లాటు ఇచ్చే మూడు శాతం పక్కన దీన్ని పెట్టి చూడండి. అద్దెకు మనుషులు దొరుకుతారా అని భయపడక్కర్లేదు. బదిలీ మీద వచ్చే టీచర్లు, కలెక్టరేట్ ఉద్యోగులు, 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ వాళ్లు, అందరికీ 8 వేల లోపు శుభ్రమైన పోర్షన్ కావాలి. అయినా ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉంటుందనే లెక్కలో పెట్టుకోండి.

డబ్బు ఇలా సర్దండి. మీ 14 లక్షల్లో 8 మాత్రమే తీయండి. 10 లక్షలు లోను. ఎనిమిదిన్నర శాతానికి పదిహేనేళ్లకు ఈఎంఐ 9,847. అద్దె 16 వేలు దాన్ని దాటి 6 వేలు మిగులుతుంది. పాత ఈఎంఐతో కలిపి నెలకు 24 వేలు, జీతంలో మూడో వంతు కూడా కాదు, అందులోనూ అద్దె తోడుంది. మిగిలే 6 వేలను ఖర్చు చేయకుండా ప్రతి నెలా అసలుకు కడితే పదిహేనేళ్ల లోను ఏడేళ్లలో తీరిపోతుంది. వ్యక్తులకు ఇచ్చే ఫ్లోటింగ్ హోం లోనును ముందే కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు, ఆ నియమం ఎప్పటినుంచో ఉంది. ముందుగా కట్టినప్పుడు ఈఎంఐ తగ్గించమని కాకుండా కాలం తగ్గించమని రాసివ్వండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

మిగిలిన 6 లక్షలు ముట్టుకోకండి. కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోం లోను ఉంటుంది. మన డబ్బు ఆ ఖాతాలో వేసి ఉంచినన్ని రోజులు అంత మేరకు వడ్డీ పడదు, అవసరమొస్తే తీసుకోవచ్చు. దానికి వడ్డీ కొంచెం ఎక్కువ ఉన్నా, మీలా చేతిలో డబ్బు ఉన్నవాళ్లకు సరిపోతుంది. రెండు రకాలూ లెక్క వేయించి చూడండి.

లోను విషయంలో ఒక చిక్కు ఉంది. మీ ఇంటి దస్తావేజులు ఇప్పటికే పాత బ్యాంకు దగ్గర తనఖాలో ఉన్నాయి. కాబట్టి పై అంతస్తు లోను అక్కడే తీసుకోవాలి, లేదా కొత్త బ్యాంకు పాత 6 లక్షలు తీర్చి మొత్తం తనవైపు మార్చుకోవాలి. ముందు పాత బ్యాంకుకే వెళ్లి, వేరే బ్యాంకు ఇస్తానన్న వడ్డీ కాగితం చూపించి మాట్లాడండి. ఇళ్ల మీద ఇచ్చే మామూలు తనఖా లోను, అంటే ఏ అవసరానికైనా వాడుకునే రకం, తీసుకోకండి. దానికి వడ్డీ ఎక్కువ. నిర్మాణం కోసమే అని హోం లోను కింద అడగండి. దానికి మున్సిపల్ కార్పొరేషన్ ప్లాన్ అనుమతి, ఇంజినీరు ఎస్టిమేట్ కావాలి. డబ్బు ఒకేసారి ఇవ్వరు, పని జరిగిన కొద్దీ దశలవారీగా ఇస్తారు. అందుకే మీ 8 లక్షలు ముందు ఖర్చవుతాయి, తర్వాత బ్యాంకు డబ్బు వస్తుంది. మేస్త్రితో ఒప్పందం కూడా ఆ వరసలోనే రాసుకోండి, లేకపోతే స్లాబ్ దగ్గర పని ఆగి టెన్షన్ పడతారు.

అన్నిటికంటే ముందు ఇంజినీరుతో పిల్లర్లు, పునాది చూపించండి. మీ ఇల్లు పిల్లర్ల మీద ఉందా, గోడల మీద ఉందా అన్నది మీరు రాయలేదు. గోడల మీదే ఉంటే, మేస్త్రి ఏం పరవాలేదన్నా సరే, ఇంజినీరు రాసివ్వకుండా ఒక్క ఇటుక కూడా పైకి ఎక్కించకండి.

పన్ను గురించి క్లుప్తంగా. అద్దెలో ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద తీసేస్తారు, అద్దెకిచ్చిన భాగం కోసం తెచ్చిన లోను వడ్డీ కూడా తీసేస్తారు. కొత్త పన్ను విధానంలోనూ అద్దె ఇంటికి ఇది ఉంది. అయితే వడ్డీ అద్దెను మించితే ఆ నష్టాన్ని జీతంలో చూపించుకోవడం కొత్త విధానంలో కుదరదు. ఫ్లాటు కొని ఉంటే మీకు ఆ దెబ్బ తగిలేది. డాబా లెక్కలో మొదటి ఏడాది పన్ను పడే ఆదాయం 50 వేల దగ్గర ఉంటుంది.

లోనుతో పాటు బీమా తీసుకోవాలని, ప్రీమియం లోనులోనే కలిపేస్తామని కౌంటర్ దగ్గర చెప్తారు. బీమా ఉండటం మంచిదే, విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి. ప్రీమియం మీద కూడా పదిహేనేళ్లు వడ్డీ కట్టడం ఎందుకు? లోను తీరాక దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యం చేస్తే బ్యాంకు రోజుకు 5 వేలు చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాని విడుదల కూడా ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఎక్కిందో లేదో చూసుకోండి.

ఇంత చెప్పినా మనసు భోగాపురం వైపే లాగుతుంటే, నాలుగున్నరేళ్లు ఆగండి. పాత హోం లోను తీరిపోతుంది, నెలకు 14 వేలు చేతికి వస్తాయి. అప్పుడు చిన్న ప్లాటు, పూర్తి ధరకు డాక్యుమెంటు, నోటు అప్పు లేకుండా కొనుక్కోండి. కొనేముందు ఆ సర్వే నంబరు జిరాయితీయేనా (సొంత పట్టా భూమి), డి-పట్టా భూమా (ప్రభుత్వం పేదలకు ఇచ్చింది), గెడ్డ పోరంబోకు (వాగుకు చెందిన ప్రభుత్వ భూమి) ఏమైనా కలిసిందా చూడాలి. డి-పట్టా భూమి అయితే 1977 నాటి చట్టం ప్రకారం మామూలుగా అమ్మకం చెల్లదు. 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక), ముప్పై ఏళ్ల ఈసీ, లేఅవుట్ ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), రెరా నంబరు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే నమోదు నంబరు), ఇవి ఏజెంటు ఫోన్‌లో చూపిస్తే నమ్మకుండా మీరే తీయించుకోండి. చేతిలో పూర్తి డబ్బు ఉన్నా సరే, రెండు లక్షలకైనా లోను దరఖాస్తు పెట్టండి. బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆ స్థలం ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, చదువుతారు. "బ్యాంకు లోను రాదు గానీ ప్లాటు క్లియరే" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

మరో ఇల్లు, ఇంకో ఇల్లు అని తర్వాత ఆలోచించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మూడో ఇంటి నుంచి బ్యాంకులు ఆ లోనును వాణిజ్య రియల్ ఎస్టేట్ లెక్కలో వేస్తాయి, వడ్డీ, షరతులు మారతాయి. అందుకే మొదటి రెండు హోం లోన్లు దేనికి వాడుతున్నామన్నది చాలా ముఖ్యం.

ఇక మీ లక్ష బయానా. అగ్రిమెంటు కాగితం తీసి చదవండి. లోను రాకపోతేనో, టైటిల్‌లో లోపముంటేనో తిరిగివ్వాలని రాసి ఉంటే అడిగే హక్కు మీకుంది. అలా ఏమీ రాయకపోతే, మామయ్యగారిని వెంటబెట్టుకుని వెళ్లి నెమ్మదిగా మాట్లాడండి. ఆ ప్లాటుకు వేరే కొనుగోలుదారు దొరికాక ఇస్తామన్నా ఒప్పుకోండి, అయితే ఆ మాట కాగితం మీద తీసుకోండి. సగమే వచ్చినా తీసుకోండి. ఒకవేళ మొత్తం పోయిందే అనుకుందాం. ఆ నోటు మీద మీరు కట్టబోయే వడ్డీలో అది ఐదున్నర నెలల వడ్డీ.